సందేహమును మోసికొని వచ్చిన యాత్రికుడు



"కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానము" అని మన పూర్వులు చెప్పుకొనుచుండెడివారు. రైలుబండి లేని దినములలో యాత్రకు బయలుదేరువాడు అప్పులు తీర్చుకొని, ఇంటివారికి అప్పగింతలు పెట్టి, మరల వత్తునో రానో యని కన్నీటితో గడప దాటెడివాడు. అంతటి కష్టమునకోర్చి యేల పోయెడివారు? కొందరు పుణ్యమునకై, కొందరు పితృఋణము తీర్చుటకై, మరికొందరు వర్తకమునకై. అయితే తాను చదివిన గ్రంథములయందలి సందేహములు తీర్చుకొనుటకై స్వదేశమును విడిచి, ఎడారులను మంచుకొండలను దాటి, సుమారు 16 సంవత్సరములు పరదేశములలో తిరిగినవాడొకడు కలడు. అతడు మన భారతదేశమునకు వచ్చెను. మన యాంధ్రభూమికిని వచ్చెను. అతడే చైనాదేశపు బౌద్ధభిక్షువు హ్యూన్‌త్సాంగు.

నేను బడిపంతులుగా నున్నంత కాలము ఈతని కథను పిల్లలకు రెండు వాక్యములలో చెప్పి ముగించెడివాడను: హర్షచక్రవర్తి కాలమున వచ్చెను, చూచినదానిని వ్రాసెను. పరీక్షకు అంతే చాలియుండెను. ఉద్యోగము చాలించిన పిమ్మట అతని యాత్రావృత్తాంతమును, అతని శిష్యుడు హుయిలీ రచించిన జీవితచరిత్రను నెమ్మదిగా చదువుకొంటిని. నేను పిల్లలకు చెప్పక విడిచిన భాగమే అసలు భాగమని అప్పుడు తెలిసినది. ఆ భాగమును నేడు మీకు విన్నవించుకొనుచున్నాను.

మొదట అతని సందేహమెట్టిదో చూతము. బౌద్ధమతము అతనికి కొన్ని శతాబ్దములకు ముందే చైనాకు చేరియుండెను. గ్రంథములు సంస్కృతమునుండి చైనాభాషలోనికి తర్జుమా చేయబడియుండెను. కాని యొక్కొక్క భాషాంతరీకర్త యొక్కొక్క విధముగ అర్థము చెప్పెను. ఒక గురువు ఔనన్నదానిని మరియొక గురువు కాదనెను. తాళపత్రప్రతులలో పాఠాంతరములు గనపడినప్పుడు మన పండితులేమి చేయుదురు? మాతృకను వెదకుదురు. ఈ యువకుడును అట్లే తలచెను. మాతృక హిందూదేశమున నున్నది. యోగాచారభూమి యను శాస్త్రము సమగ్రముగ అచ్చటనే లభించును. కావున అచ్చటికే పోవలెను.

క్రీ. శ. 629 ప్రాంతమున, ముప్పది యేండ్లైనను నిండకమునుపే, అతడు చాంగాన్ నగరమునుండి బయలుదేరెను. ఆ కాలమున సరిహద్దు దాటరాదని రాజశాసనముండెను. అనుమతి కోరగా దొరకలేదు. దొంగచాటున రాత్రులు నడచి పోయెను. సరిహద్దు కావలిబురుజుల యొద్ద నీటికై పోవగా బాణములు వచ్చి ప్రక్కన బడెను. ఆ వెనుక దారియే లేని యెడారి. ఎముకల గుర్తులును పశువుల పేడయు చూచుకొని నడువవలసినదే. అచ్చట అతని నీటితిత్తి చేజారి, నీరంతయు ఇసుకలో నింకిపోయెను. దారియు తప్పెను.

పెద్దలారా, ఇక్కడనే నాకు ఆ మనుష్యునిపై గౌరవము కలిగినది. అతడు వెనుకకు తిరిగెను. వీరుడు వెనుకకు తిరుగడని కథలలో వ్రాయుదురు. ఈతడు తిరిగినట్లు దాచక చెప్పబడినది. కొంత దూరము తూర్పుగా నడచి, హిందూదేశము చేరనిది ఒక్క అడుగైనను తూర్పునకు వేయనని తాను చేసిన ప్రతిజ్ఞను తలచుకొని, మరల పడమటికి మొగము త్రిప్పెను. నాలుగు రాత్రులు అయిదు పగళ్లు నీటిచుక్క లేదు. తుదకు అతని ముసలి గుఱ్ఱము, యజమాని కళ్లెము లాగినను వినక, తానే యొక ప్రక్కకు మరలి పచ్చికయు నీరును గల చోటికి అతనిని జేర్చెను. శాస్త్రములు చదివినవానికి ఆ దినమున దారి చూపినది నోరు లేని జంతువు.

తరువాత తుర్ఫాను ప్రాంతమున కావోచాంగ్ అను రాజ్యము. ఆ రాజు గొప్ప భక్తుడు. అతిథి విద్వత్తును చూచి, ఇచ్చటనే యుండి మాకు బోధింపుడని పట్టుబట్టెను, పోనీయనని నిర్బంధించెను. హ్యూన్‌త్సాంగు మూడు దినములు అన్నపానములు మానెను. రాజు భయపడి క్షమాపణ వేడి, తిరుగుప్రయాణమున మూడు సంవత్సరములు తన యొద్ద నుండునట్లు మాట తీసికొని, దారిలోని 24 రాజ్యములకు జాబులు వ్రాసియిచ్చి, ధనమును గుఱ్ఱములను పరిచారకులను ఇచ్చి పంపెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీని సంగతి మరల వచ్చును.

పిమ్మట త్యాన్‌షాన్ పర్వతములు. పండుకొనుటకు పొడినేల లేదు, మంచుగడ్డపైననే పండుకొనవలెను. వండుకొనుటకు కుండను వ్రేలాడగట్టవలెను. వారము దినములలో ఆ కొండలు దాటునప్పటికి, వెంట వచ్చినవారిలో పదింట ముగ్గురు నలుగురు ఆకలిచేతను చలిచేతను మరణించిరి. దాటిన పిమ్మట ఇస్సిక్‌కుల్ అను పెద్ద సరస్సు కనబడెను. చుట్టును మంచుకొండలున్నను ఆ నీరు గడ్డకట్టదు. దాని నీరు ఉప్పగను చేదుగను ఉండునని అతడు గుర్తుంచుకొని వ్రాసెను. ప్రాణముతో బయటపడుటయే గగనమైన చోట నీటి రుచిని పరీక్షించి వ్రాయువాడు సామాన్యుడా?

ఇదియే అతని పద్ధతి. ఏ దేశమునకు పోయినను నేల యెట్టిది, పంటలేవి, చలి యెంత, వేడి యెంత, బట్టలెట్టివి, లిపి యెట్టిది, జనుల స్వభావమెట్టిది, విహారములెన్ని, దేవాలయములెన్ని యని వరుసగా వ్రాసెను. బామియాన్ లోయలో కొండను తొలిచి నిలిపిన మహాబుద్ధవిగ్రహములను వర్ణించెను. ఆ విగ్రహములు 2001 సంవత్సరమున తాలిబనుల చేత పేల్చివేయబడినవి. రాయి పోయినది, అతని వ్రాత నిలిచినది.

ఇట్లు కష్టపడి బుద్ధగయను చేరి బోధివృక్షమును చూచినప్పుడు అతనికి ఆనందము కలిగియుండునని మనము తలంతుము. అతడు నేలపై సాగిలబడి విలపించెను. బుద్ధుడు జ్ఞానము పొందిన కాలమున నేనెచ్చట ఏ జన్మమెత్తి యుంటినో, ఇంత ఆలస్యముగా ఈ చోటికి వచ్చుటకు నా పాపమెంతటిదో యని దుఃఖించెను. అప్పుడచ్చట గుమిగూడియున్న భిక్షువులును అతనిని జూచి కంట నీరు పెట్టిరి. కోరిన క్షేత్రమును చేరిన పిమ్మట మన వెలితి మనకు మరింత స్పష్టముగ కనబడును. క్షేత్రయాత్ర చేసివచ్చిన పెద్దలకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

అచ్చటినుండి నాలందావారు అతనిని పిలుచుకొని పోయిరి. నాలందాకు కులపతి శీలభద్రుడు, మిక్కిలి వృద్ధుడు. గౌరవముచేత ఎవరును ఆయనను పేరు పెట్టి పిలువక, సద్ధర్మకోశమని వ్యవహరించెడివారు. చైనా భిక్షువు మోకాళ్లపై ప్రాకుచు పోయి ఆయన పాదములను తాకి శిష్యుడయ్యెను. ఆ విద్యాలయమును పోషించినది యెవరో గ్రామపెద్దలైన మీరు వినదగినది. రాజు నూరు గ్రామముల ఆదాయమును దానికి విడిచియుండెను. ఆ గ్రామములలోని రెండు వందల కుటుంబములవారు ప్రతిదినమును బియ్యము, నెయ్యి, పాలు తెచ్చి యిచ్చెడివారు. కావుననే విద్యార్థులకు అన్నచింత లేకుండెను. దూరదేశములవారు కీర్తించిన ఆ పాండిత్యము పల్లెటూరి రైతు పాడిపంటలపై నిలిచియుండెనన్న మాట.

అచ్చట అతడు అయిదు సంవత్సరములు యోగాచారశాస్త్రమును, తర్కమును, బ్రాహ్మణుల గ్రంథములను, పాణినీయవ్యాకరణమును చదివెను. అతని చరిత్రలో మన శబ్దరూపములను చైనావారికి తెలియజేయుటకు పురుషశబ్దమును విభక్తులలో చెప్పియున్నారు. మా గురువులు నన్ను అరుగుమీద కూర్చుండబెట్టి రామశబ్దము వల్లె వేయించినది నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. విభక్తియే లేని భాష మాటలాడు నడివయసువాడు ఏడు విభక్తులను మూడు వచనములను ఎట్లు కంఠస్థము చేసెనో! తన దేశమున పేరుపొందిన పండితుడు పరదేశమున పలక పట్టిన బాలుడగుటకు సమ్మతించెను. యాత్రలోని కష్టములన్నిటిలో ఇదియే పెద్దదని నా యభిప్రాయము.

తరువాత అతడు దక్షిణమునకు వచ్చెను. కళింగము, కోసలము దాటి ఆంధ్రమును చేరెను. దాని రాజధానిగా అతడు చెప్పినది ఏలూరు చెంత నేటి పెదవేగి, అనగా వేంగి, అని చరిత్రకారులు గుర్తించిరి. మనవారిని గూర్చి అతడేమి వ్రాసెను? దేశము వేడి, జనులు ఉగ్రస్వభావులు, మాట మధ్యదేశపు మాటకు భిన్నము, కాని అక్షరముల రూపములు ఇంచుమించుగ నొక్కటే. మొదటి మాటకు మనకు కోపము వచ్చినచో అతడు చెప్పినది నిజమే యగును గదా! పరాయివాని కన్నులలో మన రూపము మనకు నచ్చినట్లే యుండవలెనను నియమము లేదు.

అచ్చటినుండి ధాన్యకటకమునకు, అనగా కృష్ణాతీరమందలి అమరావతీ ధరణికోటల ప్రాంతమునకు, వచ్చెను. అప్పటికే అచ్చటి విహారములు పెక్కులు పాడుపడియుండెను. ఇరువది మాత్రము నడచుచుండెను. అయినను అతడు శిథిలములను చూచి నిట్టూర్చి పోలేదు. సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువుల యొద్ద కొన్ని మాసములు నిలిచి, మహాసాంఘికుల అభిధర్మమును నేర్చుకొనెను. వారును అతని యొద్ద మహాయానశాస్త్రములను నేర్చుకొనిరి. అతని మతశాఖ వేరు, వారి శాఖ వేరు; అయినను ఇరువురును ఇచ్చి పుచ్చుకొనిరి. పిదప వారందరును కలిసి యాత్రకు బయలుదేరిరి. మన నేలమీద జరిగిన ఈ విద్యావినిమయమునే నేను నా విద్యార్థులకు చెప్పలేదు. అందులకు నేడును చింతించుచున్నాను.

కాంచీపురము వరకు పోయి, సింహళమున కరవును కల్లోలమును గలవని విని, అతడు మరలెను. కామరూపమును చూచి, హర్షుడు 643 సంవత్సరమున కన్యాకుబ్జమున జరిపిన మహాసభలో మన్ననలొంది, స్వదేశమునకు బయలుదేరెను. సింధునది దాటునప్పుడు తాను ఏనుగుపై పోయెను. గ్రంథములు పడవలో వచ్చెను. నడుమ గాలి రేగి పడవ యూగగా 50 కట్టల గ్రంథములును, మన దేశపు పూలమొక్కల విత్తనములును నీటి పాలయ్యెను. కొన్నింటిని మరల వ్రాయించుకొనెను, అన్నియు దొరకలేదు.

కావోచాంగ్ రాజునకిచ్చిన మాట యేమయ్యెనని మీరడుగవచ్చును. ఆ మాట చెల్లించుటకు అవకాశము లేకపోయెను. 640 సంవత్సరమున ఆ రాజు మరణించెను. ఆ రాజ్యమును చైనాచక్రవర్తియే జయించి కలుపుకొనెను. యాత్రికుడు తిరిగివచ్చునప్పటికి, ఎదురుచూచు మనిషి లేడు.

ఖోటానునుండి అతడు, శాసనము మీరి పోయితినని ఒప్పుకొనుచు చక్రవర్తికి విజ్ఞప్తి పంపెను. చక్రవర్తి క్షమించి ఆహ్వానించెను. 645 సంవత్సరమున 657 గ్రంథములతో చాంగాన్ చేరెను. కాషాయము విడిచి మంత్రిగా నుండుమని చక్రవర్తి కోరగా వినయముతో నిరాకరించి, భాషాంతరీకరణమునకు కూర్చుండెను. 664లో మరణించువరకు, 19 సంవత్సరములలో, 1335 సంపుటములను చైనాభాషలోనికి మార్చెను. అయిదు విధముల పదములను తర్జుమా చేయక యథాతథముగ నుంచవలెనని అతడు నియమము చేసినట్లు చెప్పుదురు. వానిలో నొకటి, ఆ దేశమున లేని వస్తువు పేరు. ఉదాహరణము జంబూవృక్షము, మన నేరేడు. ఆ చెట్టు తమ దేశమున లేదని తలచిరి గావున దానికి మరియొక చెట్టు పేరు పెట్టి చదువరిని మోసగింపరాదు. తెలియనిదానిని తెలిసినదానిగా మార్చి చూపక, తెలియనిదానిగనే గౌరవించుట ఈ నియమమునందలి ధర్మము.

652లో మహాబోధి విహారమునుండి ప్రజ్ఞాదేవ జ్ఞానప్రభులు అతనికి జాబును, రెండు తానుల తెల్లని వస్త్రమును పంపిరి. 654లో అతడు ప్రత్యుత్తరము వ్రాసెను. గురువైన శీలభద్రుడు గతించెనని విని కలిగిన శోకమును అందు తెలుపుకొనెను. సింధునదిలో పోయిన గ్రంథముల పట్టికను జతపరచి, వీలైనచో పంపింపుడని వేడెను. దాదాపు పది సంవత్సరములు గడచినను ఏ గ్రంథము పోయినదో అతడు మరువలేదు.

అతని వ్రాతలో అద్భుతకథలును కలవు. తన మతముపై పక్షపాతమును కలదు. వివేకముతో చదువవలెను. అయినను అతడు వ్రాసిన దూరములను దిక్కులను పట్టుకొనియే 1861 ప్రాంతమున కన్నింగుహామ్ దొర బడగావ్ గ్రామము చెంతనున్న మట్టిదిబ్బలే నాలందా యని గుర్తింపగలిగెను. మన చరిత్రలో మనము మరచిన చోటును ఒక పరదేశి జ్ఞాపకముంచెను.

పెద్దలారా, సందేహము కలిగినవాడు శ్రద్ధ లేనివాడని మనలో కొందరు తలంతురు. హ్యూన్‌త్సాంగు చరిత్ర దానికి విరుద్ధముగ చెప్పుచున్నది. శ్రద్ధ యున్నందుననే అతనికి సందేహము తీరువరకు నిదుర పట్టలేదు. మీ యింట మనుమడెవడైనను శాస్త్రమునందో ఆచారమునందో ఇది యేల యని యడిగినచో, వాని నోరు మూయింపకుడు. మీకు తెలిసిన చెప్పుడు. తెలియనిచో, తెలిసినవారి దారి చూపుడు. ఎన్నడైనను అమరావతికి పోవునప్పుడు, ఆ నేలపై కొన్ని మాసములు కూర్చుండి పాఠము చదివిన యా పరదేశి విద్యార్థిని ఒక్క క్షణము తలచుకొనుడు.