కంఠమందలి గ్రంథియు, గుండెయు

గుండె దడదడ కొట్టుకొనినచో దోషము గుండెయందే యున్నదని మనము తలంతుము. ఒక్కొక్కప్పు డా దోషము కంఠమందుండును.

కంఠమణికి దిగువను, శ్వాసనాళము నానుకొని, సీతాకోకచిలుక యాకారముగల చిన్న గ్రంథి యొకటి కలదు. దానికి థైరాయిడు అని పేరు. ఉప్పుతోడను ఆహారముతోడను మనము గైకొను అయొడినుతో నది థైరాక్సిను అను రసమును చేసి రక్తములోనికి విడుచును. అవయవములు ఎంత వేగమున పనిచేయవలయునో నిర్ణయించు వానిలో నీ రసము ముఖ్యమైనది. మన వేల్పూరు రైతు పసుపు కొమ్ములను ఉడికించునపుడు ఉడుకు హెచ్చినను తగ్గినను సరకు చెడును గదా! దేహమున కీ రసమును అట్టిదే.

రసము హెచ్చినయెడల, ఊరక కూర్చుండినను గుండె నిమిషమునకు 100 సార్లకు మించి కొట్టుకొనవచ్చును. చేతులు వణకును, తినుచున్నను దేహము చిక్కును. వృద్ధులలో నాడి క్రమము తప్పుటయు కలదు. అప్పుడు గుండె పైగదులలో రక్తము నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయి పక్షవాతము కలిగింపవచ్చును.

రసము తగ్గినయెడల నాడి మందగించును. చలియు అలసటయు హెచ్చును. రక్తమందు కొలెస్టెరాలు అను క్రొవ్వు పెరిగి, గుండెకు రక్తము గొనిపోవు నాళములను క్రమముగా నిరుకు చేయును. గుండెచుట్టునున్న పొరలో నీరు చేరుటయు కలదు.

ఇంగ్లండు వైద్యుడగు కేలబ్ పారీ గలగండమునకును గుండెదడకును గల సంబంధమును గుర్తించి వ్రాసినది, అతని మరణానంతరము 1825లో ప్రకటింపబడెను. 1891లో జార్జి మర్రే గొర్రె థైరాయిడునుండి తీసిన రసమును ఒక రోగికి సూదితో నెక్కింపగా, ఆమె కోలుకొని మరి 28 సంవత్సరములు జీవించెను. 1918లో జర్మనీయందు హెర్మన్ జోండెక్, రసలోపముచే పెద్దదైన గుండె చికిత్సచే మరల చిన్నదగుటను కనుగొనెను. అనగా, ఈ కారణమున గలిగిన గుండెజబ్బు తఱచు కుదురునదే.

కావున విద్యార్థులారా, మీ యింటి పెద్దలకు గుండెదడగాని, విడువని నీరసముగాని కలిగినచో, వయస్సు మీఱినదని యూరకుండక వైద్యునియొద్దకు గొనిపొండు. టి.ఎస్.హెచ్. అను రక్తపరీక్ష దోషమును తెలుపును. లోపమునకు మాత్ర కలదు. అయితే గుండెజబ్బుగల వృద్ధులకు దానిని స్వల్పముగా నారంభించి మెల్లగా హెచ్చింతురు. వైద్యుని యనుమతి లేక దానిని మానరాదు, హెచ్చింపరాదు. బక్కచిక్కుటకై మ్రింగుట ప్రమాదకరము. అయొడిను చేర్చని యుప్పును తినుటకై అమ్మరాదని 2006 నుండి మన దేశమున నియమము కలదు. అయొడిను చేర్చిన యుప్పునే కొని, మూతపెట్టి, తడి తగులకుండ నుంచుడు.