నేలకు చేరువలో విమాన విన్యాసములు

1931 డిసెంబరు 14వ తేదీన ఇంగ్లండులో, రెడింగు పట్టణమునకు సమీపముననున్న వుడ్లీ విమానాశ్రయములో ఒక ప్రమాదము జరిగినది. బ్రిటిష్ వాయుసేనకు చెందిన డగ్లస్ బాడర్ అను యువకుడు, అక్కడి ఫ్లయింగు క్లబ్బును చూడవచ్చి, నేలకు మిక్కిలి చేరువగా తన విమానమును ఒక మారు పొర్లింపబోయెను. ఎడమ రెక్క కొన నేలకు తగిలెను. మరుక్షణమున విమానము తునాతునక లయ్యెను. బాడర్ ప్రాణములతో బయటపడెను గాని, ఆసుపత్రిలో అతని రెండు కాళ్ళను తీసివేయవలసి వచ్చెను. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరములు.

అతడు అనుభవము లేనివాడు కాడు. ఆ సంవత్సరమే హెండన్ ప్రదర్శనలో విన్యాసములు చేసి మెప్పు పొందినవాడు. 2000 అడుగులకు దిగువన ఇట్టి పనులు చేయరాదని అతని దళమువారికి హెచ్చరికయు ఉండెను. మరి అంత నేర్పరికి ఏమి అడ్డు వచ్చినది? దీనికి సమాధానము ఉన్నత పాఠశాలలో మనము చదువుకొను భౌతికశాస్త్రములోనే యున్నది.

విమానమును గాలిలో నిలుపునది రెక్కలపై కలుగు పైకెత్తు బలము. అయితే ఈ బలము ఎల్లప్పుడును ఆకాశమువైపునకే పనిచేయునని భ్రమపడరాదు. అది రెక్కకు లంబముగా పనిచేయును. రెక్కలు నేలకు సమాంతరముగా నున్నంతసేపు ఆ బలము బరువును మోయును. విమానమును పొర్లించునపుడు ఒక రెక్క పైకి, రెండవది క్రిందికి తిరిగి, రెండును నిట్టనిలువుగా నిలుచు క్షణమొకటి వచ్చును. అప్పుడు ఆ బలము ప్రక్కకు లాగును. బరువును మోయువాడు లేడు. ఆధారము లేని వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకనులలో సుమారు 20 మీటర్లు పడునని మనకు తెలియును. ముక్కును కొంచెము పైకెత్తి, చుక్కానితో పట్టియుంచినచో విమానపు ప్రక్కభాగము కొంత బరువును మోయును గాని, అది రెక్కకు సాటి రాదు.

ఇంకను పొర్లినచో విమానము తలక్రిందులగును. ఇప్పుడు చోదకుడు అలవాటు చొప్పున స్టిక్కును తనవైపు లాగినచో, రెక్కల బలము విమానమును నేలవైపునకే ఈడ్చును. స్టిక్కును ముందుకు నెట్టవలెను. అలవాటునకు సరిగా విరుద్ధమైన పని! ఆ కాలపు ఇంజనులలో మరియొక చిక్కు కూడ నుండెడిది. పెట్రోలు అందించు తొట్టెలో తేలుబుడ్డి యుండుటచే, తలక్రిందులైనపుడు ఇంధనము సరిగా అందక ఇంజను తడబడెడిది. బాడర్ నడిపిన బ్రిస్టల్ బుల్‌డాగ్, అతడు అంతకుముందు నడిపిన గేమ్‌కాక్ కంటె బరువైనది. పొర్లునపుడు దానికంటె ఎక్కువ ఎత్తు కోల్పోవునది. వేయి అడుగుల పైన ఇది లెక్కకు రాదు. నేలకు కొద్ది అడుగుల ఎత్తున ఇదియే సర్వస్వము.

రెండవ విన్యాసము నిలువు చక్రము, అనగా లూప్. చెంబులో నీరు పోసి, త్రాడు కట్టి నిలువుగా వేగముగా త్రిప్పినచో నీరు ఒలకదు. ఉపాధ్యాయులు దీనిని ఆరుబయట చేసి చూపవచ్చును (మొదటిసారి తామే తడియుటకు సిద్ధపడి). చెంబు అడుగునకు వచ్చినపుడు త్రాడు బిగువు అత్యధికమగుట చేతికి తెలియును. ఏలనన త్రాడు అప్పుడు చెంబు బరువును మోయుటయే గాక, అభికేంద్ర బలమును గూడ ఇయ్యవలెను. విమానమునకు ఆ త్రాడు రెక్కయే.

రెక్క బరువునకు 4 రెట్ల బలమిచ్చుచున్నదనుకొందము. అందులో ఒక వంతు బరువునకు పోగా, 3 వంతులు దారిని వంచుటకు మిగులును. సెకనుకు 50 మీటర్ల వేగమున చక్రపు అడుగున వ్యాసార్ధము సుమారు 85 మీటర్లగును. వేగము 70 మీటర్లైనచో 167 మీటర్లగును. వేగము ఒకటిన్నర రెట్లకు లోపుగనే పెరిగినను, వ్యాసార్ధము ఇంచుమించు రెట్టింపైనది; అది వేగపు వర్గమును బట్టి పెరుగును గదా! పైనుండి దిగునపుడు కొంచెము ఎక్కువ వేగము పుంజుకొన్న చోదకునికి, తాను ఊహించిన చోట గాక, ఎంతో దిగువన చక్రము ముగియును.

గట్టిగా లాగరాదా యని విద్యార్థులు అడుగుదురు. లాగవచ్చును, కాని హద్దున్నది. గాలికి రెక్క ఎదురొడ్డు కోణము సుమారు 15 డిగ్రీలు దాటగానే గాలి రెక్కను అంటి ప్రవహింపక విడిపోవును. పైకెత్తు బలము పడిపోవును. దీనినే స్టాల్ అందురు. గంటకు 90 కిలోమీటర్ల వద్ద తన బరువును మాత్రమే మోయగల రెక్క, 180 కిలోమీటర్ల వద్ద 4 రెట్లు మోయును. అంతకు మించి మోయదు. ఆపైన ఎంత లాగినను ముక్కు పైకి లేచియే యుండును, విమానము మాత్రము క్రిందికే పోవుచుండును. చూచువారికి ఇది వింతగా తోచును.

1980 జూన్ 23న ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ విమానాశ్రయమునకు సమీపమున పిట్స్ ఎస్-2ఎ అను చిన్న విమానము విన్యాసములు చేయుచు కూలినది. అందులోని సంజయ్ గాంధీయు, కెప్టెన్ సుభాష్ సక్సేనాయు మరణించిరి. పిట్స్ అనునది ఇట్టి విన్యాసములకే రూపొందించిన విమానము. పొర్లుటకు, చక్రము తిరుగుటకు దానికి బలము చాలును. కాని చాలినంత ఎత్తును ఏ యంత్రమును తన వెంట తెచ్చుకొనలేదు.

చోదకుని శరీరమునకును హద్దులున్నవి. 4, 5 రెట్ల బరువు మీద పడినపుడు రక్తము కాళ్ళవైపు దిగి, కనుచూపు మసకబారును. బాడర్ కృత్రిమ కాళ్ళతో 1939 చివర తిరిగి వాయుసేనలో చేరి, యుద్ధములో పేరు గాంచెను. రక్తము దిగుటకు కాళ్ళు లేకపోవుటచేతనే అతడు ఇతరులకంటె ఎక్కువసేపు స్పృహతో నుండగలిగెనని అనుకొన్నవారు గలరు.

నేటి అంతర్జాతీయ విన్యాస పోటీలలో అత్యున్నత తరగతివారు 100 మీటర్లకు దిగువకు రారాదు. దాని తరువాతి తరగతివారికి ఆ హద్దు 200 మీటర్లు. సెకనుకు 50 మీటర్ల వేగమున నిట్టనిలువుగా దిగు విమానమునకు 100 మీటర్లు అనగా రెండు సెకనులు.