‘తేలిక’ వైన్ అయితే తాగొచ్చా?

జర్మనీలో చదువుకునే పిల్లలు సెలవులకు వస్తూ ఒక్కోసారి మోసెల్ వైన్ సీసా తెస్తుంటారు. ‘ఇది మందు కాదు నాన్నా, వైన్. ఆల్కహాల్ ఎనిమిది శాతమే’ అంటారు. ఎనిమిది శాతం అన్నది నిజమే కావచ్చు. అందుకు కారణం అక్కడి చలి.

మోసెల్ నది ట్రియర్ మీదుగా వంపులు తిరుగుతూ వెళ్లి కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ఒడ్డున నిటారు కొండవాలుల్లో, పలకరాతి నేలలో ద్రాక్షతోటలుంటాయి. ముఖ్యమైన రకం తెల్లద్రాక్ష రీస్లింగ్. ఎల్బ్లింగ్, ముల్లర్-తుర్గావ్ కూడా పండిస్తారు. చలికి కాయ నెమ్మదిగా పండుతుంది. దాంతో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. ఈస్ట్ ఆ చక్కెరనే ఆల్కహాల్‌గా మారుస్తుంది. కొన్నిటిలో పులియడాన్ని మధ్యలోనే ఆపేస్తారు. అప్పుడు ఆల్కహాల్ ఇంకా తగ్గుతుంది కానీ, మారని చక్కెర వైన్‌లోనే మిగులుతుంది. పులుపు చాటున ఆ తీపి నాలుకకు అంతగా తెలియదు. లేబుల్ మీద ‘ట్రోకెన్’ అని ఉంటే చక్కెర తక్కువ. అయితే అందులో సాధారణంగా ఆల్కహాల్ ఎక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. ఎనిమిది శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో 12 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులోనూ దాదాపు అంతే. కాలేయానికి సీసా మీది పేరుతో పనిలేదు.

‘గుండెకు మంచిదట’ అని కొందరంటారు. ఆ ప్రచారం ఎర్రద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ చుట్టూ పుట్టింది. రీస్లింగ్‌ను తొక్క తీసేసిన రసంతో చేస్తారు. ఎర్ర వైన్‌లోనూ అది ఉండేది చాలా స్వల్పం. ఆల్కహాల్ విషయంలో సురక్షిత మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. అది క్యాన్సర్ కారకం కూడా.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి మరో ప్రమాదం ఉంది. ఆల్కహాల్ తాగితే, ముఖ్యంగా ఖాళీ కడుపుతో, కొన్ని గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు మాటలు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు మత్తే అనుకుని పడుకోబెడతారు. అలా చేయొద్దు. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. స్పృహ ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

అలవాటు లేనివారు ఆరోగ్యం కోసమని మొదలుపెట్టకండి. ఉన్నవారు మీరు వాడే మందుల చీటీ తీసుకెళ్లి ఒకసారి డాక్టరుతో మాట్లాడండి.