అందరి మధ్యా నిలిచేది

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో చనిపోయినవారు అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది. 1990 మేలో మరో పెను తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి మృతులు వెయ్యిలోపే. ఏ రెండు తుఫాన్లూ అచ్చం ఒకేలా ఉండవు, నిజమే. కానీ ఇంత తేడాను గాలివాటానికి వదిలేయలేం. ఈలోగా మచిలీపట్నంలో తుఫాను రాడార్ వచ్చింది, తీరగ్రామాల్లో షెల్టర్లు లేచాయి, హెచ్చరిక నమ్మి లక్షన్నర మందికి పైగా ముందే ఇళ్లు వదిలారు. చావు అందరికీ తప్పదు, అది మానవ స్థితి. ఆ చావు ఎప్పుడు, ఎందరికి, ఎలా వస్తుందన్నది మాత్రం చాలావరకు మనం కలిసి కట్టుకున్న ప్రపంచాన్ని బట్టి ఉంటుంది.

నాజీల జర్మనీ నుంచి పారిపోయి ఏళ్ల తరబడి ఏ దేశ పౌరసత్వమూ లేకుండా బతికిన హన్నా అరెంట్, 1958లో వచ్చిన ‘ద హ్యూమన్ కండిషన్’లో మనిషి చేసేవాటిని మూడుగా విడదీసింది. బతకడానికి రోజూ చేయాల్సిన శ్రమ ఒకటి, మన తర్వాతా నిలిచేవాటిని తయారుచేసే పని రెండోది, పదిమందిలో మాట్లాడి కొత్తదానికి పూనుకోవడం మూడోది. డెల్టాలో ఈ మూడూ కళ్లెదుటే ఉన్నాయి. ఊడ్పులు, కోతలు, వంట మొదటివి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీదుగా కాలువను దాటించి దివిసీమకు నీరిచ్చే అక్విడెక్టు రెండోది. దాన్ని కట్టినవాళ్లు పోయారు, ఆ నీటితో ఇప్పటికీ నారు పోస్తున్నారు. ఎగువన ఎంత వాడుకోవాలి, శివారుకు ఎంత వదలాలి అని రైతులు కూర్చుని తేల్చుకోవడం మూడోది. మురుగు కాలువ పూడిపోతే గుడివాడ చేనూ, మచిలీపట్నం చేనూ మునుగుతాయి. కాలువ ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందుకే అది అందరినీ కలుపుతుంది, తగువులూ తెస్తుంది.

ఇలా కలిసి కట్టుకున్నదాన్ని ‘అందరి ప్రపంచం’ అనడం అన్యాయాన్ని కప్పిపుచ్చడమేనని కొందరంటారు. ఆ అభ్యంతరం బలమైనదే. 1977లో ఉప్పెన పాలైనవారిలో ఎక్కువమంది పూరిళ్లలో ఉన్న కూలీలు, మత్స్యకారులు. గట్టి డాబా అందినవారు బతికారు. కూడు, గూడు వంటి అవసరాలను రాజకీయ చర్చకు వెలుపల ఉంచాలన్న అరెంట్ వాదన ఇక్కడే వీగిపోతుంది. దివిసీమలో ఇంటి కప్పును మించిన రాజకీయం లేదు. అయితే పంపకం సరిగా లేదని చెప్పాలన్నా, పంచుకోవాల్సింది ఒకటుందని ముందు ఒప్పుకోవాలి. తుఫాను షెల్టరు ఆ ఒప్పుకోలు నుంచే పుట్టింది. డాబా లేనివాడికీ ఎక్కడానికి ఒక మేడ ఉండాలన్నదే దాని అర్థం.

ఇదంతా ప్రభుత్వం, ఇంజనీర్లు చూసుకుంటారు కదా అనేవారూ ఉన్నారు. కరకట్ట ఎంత ఎత్తుండాలో ఇంజనీరు చెప్పగలడు. మడ అడవి ఉండాలా, దాని చోట రొయ్యల చెరువు రావాలా, చెరువు ఉప్పు పక్క వరిచేనుకు పాకితే నష్టం ఎవరు భరించాలి అన్నవి లెక్క కట్టి తేల్చే ప్రశ్నలు కావు. వాటిని గ్రామసభలో, కూలీకీ మత్స్యకారుడికీ రైతుతో సమానంగా మాట చెల్లే చోట తేల్చుకోవాలి. రేపు పుట్టబోయే బిడ్డలకు ఆ సభలో నోరు లేదు. వాళ్లకు ఏం మిగలాలో కూడా ఆలోచించి నిర్ణయించినప్పుడే ఈ నేల మనందరిదీ అనే హక్కు మనకు ఉంటుంది.