కొత్త వర్తకునకు తొలి బేరము

1953లో తుంగభద్ర జలాశయమున నీరు నిలిపిరి. తరువాత ఎడమగట్టు కాలువ సింధనూరు, మాన్వి ప్రాంతములకు పారగా, ఆంధ్ర రైతులు వచ్చి భూములు కొని, క్యాంపులను పేర ఊళ్ళు కట్టుకొనిరి. జొన్నచేలు వరిమళ్ళాయెను.

నేడు మన యువకులలో బియ్యపు వ్యాపారము పెట్టదలచువారు గలరు. మొదటి అంగడిని క్యాంపులోనే తెరచుట పొరపాటని మా అభిప్రాయము. ఇంటింట ధాన్యపు బస్తాలున్నచోట బియ్యము కొనువారెవరు? బంధువులు కొన్నను అరువే. బాకీ అడుగుటకు మొగమాటము.

కొనువారు కాలువ నీరందని మెట్ట పల్లెలలో, రాయచూరు పట్టణపు ఇండ్లలో, హోటళ్ళలో ఉన్నారు. వారితో కన్నడమున మాటలాడవలెను. తప్పులు దొర్లినచో వారే నవ్వి దిద్దుదురు. సోనామసూరి కొత్తబియ్యపు అన్నము ముద్దయగును; పాతబియ్యమునకు ఎసరు ఎక్కువ పట్టును, అన్నము పొడిపొడిగా ఉండును. అమ్మునది ఏదో అడుగకముందే చెప్పవలెను. ముందు అయిదు కిలోలు మాత్రమే ఇచ్చి, వారము గడచిన పిదప మరల వెళ్ళి అన్నమెట్లున్నదని విచారింపవలెను. ఈ రెండవసారి పోవుటనే చాలమంది మానుదురు. బేరము కుదురునది అప్పుడే.

మరల మరల కొనువారు తగినంతమంది ఏర్పడువరకు ధాన్యమును కూలికి మరపట్టించుకొనిన చాలును. సొంతమిల్లునకు తొందరపడి అప్పు చేయరాదు. కాలువ చివరి భూములకు నీరందని ఏడు ధాన్యము తగ్గి మిల్లు కొన్ని నెలలు మూతపడవచ్చును. ఆ నెలలకును వాయిదా కట్టవలసియే యుండును.