హైదరాబాదు పోలీసు జట్టు: ఫుట్‌బాలున ఒక స్వర్ణయుగము



మన ఆలూరు, ఆదవాని ప్రాంతముల పెద్దలు నలుగురు కట్టపై కూర్చుండిరేని కుస్తీ పట్టులను గురించియు, బండలాగు ఎద్దులను గురించియు మాటలాడుకొందురు. ఫుట్‌బాలనగా అది పట్టణపు బడిపిల్లల ఆటయని తలంచి యూరకుందురు. అయినను తుంగభద్ర కావలి దిక్కున, హైదరాబాదు నగరమున, 1950 మొదలు పదునైదేండ్లకు లోపుగా ఒక జట్టు దేశమునెల్ల గెలిచి నిలిచినది. అప్పటికి మన ఆలూరు బళ్ళారి జిల్లాలోనిది; 1953లో గాని ఆంధ్రరాష్ట్రమున చేరలేదు. ఆ జట్టు కీర్తి మన యూళ్ళకు చాలినంతగా రాకుండుటకు ఈ యెల్లయును ఒక కారణమై యుండును.

అది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. అందలి యాటగాండ్రు జమీందారుల బిడ్డలు కారు. నెలజీతమునకు కొలువు చేయు పోలీసులు.

ఆ కాలమున మన దేశమున ఫుట్‌బాలుకు పేరుపడిన పందెములలో రెండింటిని చెప్పవలెను. డ్యూరాండు కప్పు 1888లో సిమ్లాలోను, రోవర్సు కప్పు 1891లో బొంబాయిలోను మొదలైనవి. తొలుత చాలకాలము వానిని తెల్లదొరల పటాలములే గెలుచుచుండెడివి. ఈ పందెములలో ఒక్కమారు ఓడిన జట్టు మూట సర్దుకొని యింటికి పోవలసినదే. రెండవ యవకాశము లేదు. అట్టి రోవర్సు కప్పును సిటీ పోలీసువారు 1950 మొదలు 1954 వరకు, నడుమ ఒక్క యేడైనను విడువక, వరుసగా అయిదు మారులు గెలిచిరి. 1950లోనే డ్యూరాండు కప్పును కూడ కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టుపై గెలిచిరి. మరల 1954లోను, 1957లోను ఆ కప్పు వారిదే యయ్యెను. 1961లో గెలిచినప్పుడు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు.

ఇంతటి విజయమునకు మూలమేమి? దేహబలమొక్కటే యనుకొంటిమేని పొరబాటు. దీని వెనుక ఒక బడిపంతులు గలడు. ఆయన సయ్యదు అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన యీ రహీం సాహెబు వృత్తిచేత ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, చనిపోవు వరకు ఆ పదవిలోనే యుండెను. 1950 నాటికి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యెను.

ఆయన చేసిన పనిని కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. ఆ రోజులలో మన యాటగాడు బంతి తన కాలికి దొరికినచో దానిని ఇటు తిప్పి అటు తిప్పి, ఎదురువచ్చిన ఇద్దరు ముగ్గురిని తప్పించుకొని, చూపరులచేత శెభాషనిపించుకొన నెంచెడివాడు. ఈలోగా బంతి పోయెడిది. రహీం దీనిని మాన్పింప దలచి నగరమున కొన్ని వింత పందెములు పెట్టించెను. ఒకదానిలో బంతిని తనయొద్ద నుంచుకొని తిప్పుట నిషిద్ధము. అందినదే తడవుగా తోటివాని కియ్యవలెను. మరియొకదానిలో వాటముగల కాలితో తన్నరాదు. వాటములేని కాలితోనే ఆడవలెను. కుడికాలి వానికి ఎడమకాలు పనికి వచ్చువరకు ఈ శిక్ష తప్పదు.

గొర్రు తోలు రైతునకు ఈ సంగతి తేలికగా తెలియును. ఎద్దులను తోలువాడు ఒక వేగమునను, జడ్డిగములో విత్తనము విడుచు చేయి మరొక వేగమునను నడచెనేని, తోలువాడు ఎంత నేర్పరియైనను సాలులో మొలక సమముగా రాదు. పదునొకండుగురు ఆడు ఆటయును అట్టిదే. ఒకడు మేటియగుట కన్న, తోటివాడెక్కడ నున్నాడో తలయెత్తకయే యెరుగుట ముఖ్యము. సిటీ పోలీసువారు నేర్చినది అది.

ఆయన మనుజులను చూచుకొన్న తీరు కూడ చెప్పదగినది. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము అను పేదపిల్లవాడు, హైదరాబాదునకు వచ్చి ఆట నేర్చుకొనుటకు దారిఖర్చులు లేవని చెప్పగా, రహీం అద్దె సైకిలునకై దినమునకొక రూపాయి తానిచ్చెనట. ఈ మాట బలరామే తరువాత చెప్పుకొనెను. ఆ రూపాయి ఫలితము దేశమంతయు చూచినది.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలో భారతజట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడు హెల్సింకిలో గర్వభంగమయ్యెను. మనవారిలో పలువురు ఉత్తకాళ్ళతో ఆడి, యుగొస్లావియాచేత పదింటికి ఒకటిగా ఓడిరి. మన రాళ్ళగట్లపై చెప్పులు లేక నడచిన పాదము ఎంత గట్టిదైనను ఆ చలిదేశపు తడినేలపై నిలువదు గదా. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్నున మనవారు ఆస్ట్రేలియాను నాలుగింటికి రెండుగా గెలిచి, ఒలింపిక్సున నాలుగవ స్థానము నందిరి. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, జుల్ఫికరుద్దీను, బలరాము మున్నగు హైదరాబాదువారు ఆ జట్టులో నుండిరి. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణ కొరియాను రెండింటికి ఒకటిగా ఓడించి మరల ఆసియా స్వర్ణము తెచ్చినప్పుడు రహీం పుట్టకురుపుతో బాధపడుచుండెను. ఆ తుదియాటలో బలరాముతో పాటు హైదరాబాదు పోలీసులోని యూసుఫ్ ఖానును ఆడెను. 1963 జూన్ 11న రహీం మరణించెను.

జట్టు ఆయనతోనే పోయెనని కొందరందురు. నాకది సగము నిజముగానే తోచును. అంతకుముందే మంచి యాటగాండ్రను కలకత్తా జట్లు పిలుచుకొనుచుండెను. బలరాము 1957లోనే ఈస్టు బెంగాలు జట్టునకు పోయెను. పోలీసు కొలువు కడుపునకు కూడు పెట్టినదిగాని, కలకత్తాలో నున్న లక్షలకొలది చూపరులను చూపలేకపోయెను. ఆటగాండ్రు ముసలివారైరి, పిల్లలకు ఎడమకాలి పందెములు పెట్టు పంతులు మరల దొరకలేదు.

రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగా గెలిచినది. 1965–66లో ఆంధ్రప్రదేశము గెలిచినది. ఆ తరువాత అది తెలుగువారి చేతికి రాలేదు. 2024 డిసెంబరు 31న ఆ పోటీ తుదియాట హైదరాబాదుననే జరిగెను. ఆడినవారు బెంగాలువారును, కేరళవారును.