రక్త ప్రసరణము

మన శరీరమున రక్తము క్షణమైనను నిలువక తిరుగుచుండును. నేడు బాలురకు సైతము తెలిసిన ఈ సత్యమును లోకము చిరకాలము గుర్తింపలేదు. కాలేయమున పుట్టిన రక్తము, చేనికి పారిన నీటివలె, అవయవములలో ఇంకిపోవునని గేలెన్ అను గ్రీకు వైద్యుడు బోధించెను. సుమారు 1400 ఏండ్లు వైద్యులు దానినే నమ్మిరి.

ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే ఆ మాటను లెక్కకట్టి చూచెను. గుండె ఒక్కొక్క స్పందనమున కొంత రక్తమును వెలికి నెట్టును. అరగంటలో స్పందనములు వేయికి మించును. అప్పుడు వెలువడు రక్తము శరీరమందున్న రక్తమంతటికంటె అధికమని తేలెను. తిన్న ఆహారమునుండి అంత రక్తము పుట్టుట అసాధ్యము. కావున పోయిన రక్తమే మరల గుండెకు వచ్చుచున్నదని ఆయన 1628లో ప్రకటించెను. ధమనులనుండి సిరలకు పోవు దారి మాత్రము ఆయనకు కనబడలేదు. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1661లో, ఇటలీ దేశీయుడైన మాల్పీజీ కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వెండ్రుకకంటె సన్నని కేశనాళికలను కనుగొనెను.

ఈ ప్రవాహమే ఆరోగ్యమునకు ఆధారము. రక్తము ప్రాణవాయువును, ఆహారసారమును అవయవములకు అందించి, మలినములను తొలగించును. గుండెను పోషించు ధమని పూడినచో గుండెపోటు, మెదడునకు పోవు నాళము మూసికొనినచో పక్షవాతము కలుగును. ఆహారమున ఇనుము చాలనిచో రక్తహీనత ఏర్పడి, బాలలు చదువునందును ఆటలందును త్వరగా అలసిపోవుదురు.

విద్యార్థులారా! మణికట్టుపై వ్రేళ్ళుంచి నాడిని చూడుడు. రేయింబవళ్ళు విశ్రాంతి యెరుగని ఆ గుండెకు ఆకుకూరలు, పప్పులుగల భోజనము, నిత్యవ్యాయామము మేలుచేయును, పొగాకు కీడుచేయును.